వ్యూహపు ఆటలు: ముందు పనివాళ్లు, తర్వాతే సైన్యం

హాస్టల్ వరండా బండల మీద సుద్దముక్కతో గీసిన పులి–మేక పటం చూడనివాడు మనలో ఉండడు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపగలదు. మేక ఎవరినీ చంపలేదు. అయినా మేకల పక్షం ఆడేవాడు తొందరపడకపోతే పులులను ఎటూ కదలకుండా కట్టేసి గెలుస్తాడు. ఇలా చేతివేగం మీదో అదృష్టం మీదో కాకుండా ముందుచూపు మీద గెలుపు ఆధారపడే ఆటలను వ్యూహపు ఆటలు అంటారు. వీటికి పెద్దన్న చదరంగం. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది ఆ ఆటతోనే.

ఈ కుటుంబానికి కంప్యూటర్లో పుట్టిన పిల్లలే స్ట్రాటజీ గేమ్స్. ఖాళీ దొరికితే వీటితోనే గడిపేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు, మన హాస్టల్లోనూ ఉన్నారు. వీటిని కొందరు పనికిమాలినవి అంటారు, కొందరు బుర్రకు పదును అంటారు. మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇవి ఆడాము, వాటి వల్ల కొంత నేర్చుకున్నాము, కొంత నష్టపోయాము కూడా. అందుకే తమ్ముళ్ల కోసం రెండు సంగతులూ ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాము.

రెండు రకాల ఆటలు

కంప్యూటర్ వ్యూహపు ఆటలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో చదరంగంలో లాగా వంతులుంటాయి. నీ ఎత్తు నువ్వు వేసేవరకు ఎదుటివాడు ఆగుతాడు. ఈ రకంలో అందరికీ తెలిసినది 'సివిలైజేషన్'. అమెరికాలోని మైక్రోప్రోస్ సంస్థ 1991లో దీన్ని విడుదల చేసింది. తయారు చేసినవారు సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ. క్రీస్తు పూర్వం 4000లో ఒక చిన్న ఊరు కట్టడంతో ఆట మొదలవుతుంది. అక్షరాలు, చక్రం, ఆవిరి యంత్రం ఇలా ఒక్కొక్కటే కనిపెడుతూ చివరికి అంతరిక్షం దాకా వెళ్లవచ్చు.

రెండో రకంలో వంతులుండవు. గడియారం నడుస్తూనే ఉంటుంది. నువ్వు ఆలోచిస్తున్నంత సేపూ ఎదుటివాడు ఇళ్లు కట్టుకుంటూనే ఉంటాడు. 1992లో వెస్ట్‌వుడ్ సంస్థ తెచ్చిన 'డ్యూన్ 2' ఈ రకానికి ఒక రూపం ఇచ్చింది. 1998లో వచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్' దక్షిణ కొరియాలో ఎంత పేరు తెచ్చుకున్నదంటే, ఆ పోటీలను మన దగ్గర క్రికెట్ చూపించినట్టు టీవీలో చూపించేవారు.

మేము ఎక్కువగా ఆడినది 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్'. మొదటి భాగం 1997లో, రెండో భాగం 1999లో వచ్చాయి. దీన్ని చేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్‌లో ముందు చెప్పిన బ్రూస్ షెల్లీ కూడా ఉన్నారు. ఆ సంస్థ 2009లో మూతపడింది. కానీ ఆట చావలేదు. 2019లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. 2022లో దానికి భారతదేశపు రాజ్యాల మీద ఒక అనుబంధం చేరింది. అందులో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు ఉన్నారు. ద్రావిడుల పక్షంలో 'ఉరుమి' అనే వంగే కత్తి పట్టిన సైనికులు కనిపిస్తారు.

ఆట ఎలా నడుస్తుంది?

రెండో భాగాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మామూలుగా ఆట మొదట్లో నీ చేతిలో ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, దారులు వెతికే ఒక గుర్రపు రౌతు ఉంటారు. చుట్టూ చీకటి. రౌతు తిరిగిన మేరకే నేల కనబడుతుంది. శత్రువు ఎక్కడున్నాడో తెలియదు.

సంపద నాలుగు రకాలు: ఆహారం, కలప, బంగారం, రాయి. మొదట గొర్రెలు, రేగుపళ్ల వంటి పొదలు, తర్వాత అడవిపంది. పందిని కొట్టిన పనివాడు ఊళ్లోకి పరుగెత్తుకు రావాలి, లేకపోతే అదే వాణ్ని చంపుతుంది. ఇవన్నీ అయిపోయాక పొలాలు వేసుకోవాలి. పొలానికి కలప ఖర్చవుతుంది. ఒక ఇల్లు ఐదుగురికి సరిపోతుంది. ఇల్లు కట్టడం మరిచిపోతే కొత్త మనిషి పుట్టడు.

కాలాలు కూడా నాలుగు. రెండో కాలానికి వెళ్లాలంటే 500 ఆహారం, మూడోదానికి 800 ఆహారం, 200 బంగారం, నాలుగోదానికి 1000 ఆహారం, 800 బంగారం కట్టాలి. పై కాలానికి వెళ్లినకొద్దీ మంచి పనిముట్లు, మంచి ఆయుధాలు వస్తాయి.

సైన్యంలో అందరికన్నా బలవంతుడు అంటూ ఒకడు ఉండడు. బల్లెం పట్టినవాడు గుర్రపువాణ్ని కొడతాడు. గుర్రపువాడు విలుకాణ్ని కొడతాడు. విలుకాడు బల్లెంవాణ్ని దూరం నుంచే కొడతాడు. అందుకే ఎదుటివాడు ఏం తయారు చేస్తున్నాడో చూడకుండా సైన్యం పెంచితే డబ్బు దండగ.

సంత కూడా ఉంది. రాయి ఎక్కువైతే అమ్మి ఆహారం కొనుక్కోవచ్చు. కానీ అమ్మినకొద్దీ ధర పడిపోతుంది, కొన్నకొద్దీ పెరుగుతుంది. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎప్పుడూ తేడా ఉంటుంది. ఊరంతా టమాటా వేసిన ఏడాది బుట్ట ఎంతకు పోయిందో చూసిన మన పిల్లలకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎందుకు ఓడిపోతాం?

మొదటి నెలంతా మేము ఓడిపోతూనే ఉన్నాము. కారణం ఒక్కటే. ఆట మొదలవగానే సైనికులను తయారు చేసేవాళ్లం. చుట్టూ రాతి గోడ కట్టేవాళ్లం. పదిహేను నిమిషాలు గడిచేసరికి ఎదుటివాడి దగ్గర మాకు రెండింతలు పనివాళ్లు ఉండేవారు. ఆ తర్వాత అతని సైన్యాన్ని ఆపడం మా వల్ల అయ్యేది కాదు.

దీని వెనుక చిన్న లెక్క ఉంది. ఒక పనివాడికి అయ్యే ఖర్చు 50 ఆహారం. తయారవడానికి పట్టే కాలం 25 సెకన్లు. టౌన్ సెంటర్‌ను ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉంచకపోతే 10 నిమిషాల్లో 24 మంది వస్తారు. మధ్యలో రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే దాదాపు ఐదుగురు తగ్గుతారు. పోయింది ఆ ఐదుగురే అయితే ఫరవాలేదు. ఆట ముగిసేదాకా వాళ్లు కొట్టుకురావలసిన కలప, పండించవలసిన ఆహారం అంతా పోయినట్టే. మొదట్లో చేసిన చిన్న ఆలస్యం చివరికి పెద్ద ఓటమిగా కనిపిస్తుంది. మనం మాత్రం చివరి యుద్ధంలో ఓడిపోయామని అనుకుంటాం.

మరో తప్పు దాచుకోవడం. 3000 కలప పోగుపడిందని కొత్తవాడు మురిసిపోతాడు. ఖర్చు పెట్టని కలప గెలిపించదు. అది పొలమో, ఇల్లో, పడవో కావాలి. మన మెస్ స్టాకు రిజిస్టరులో కూడా ఇదే లెక్క నడుస్తుంది. బియ్యం నిండుగా ఉండి పప్పు నిండుకుంటే ఆ రోజు భోజనం సాగదు. ఏ సరుకు ఎప్పుడు ఎంత కావాలో ముందే చూసుకున్నవాడే వంద మందికి వేళకు అన్నం పెట్టగలడు. ఒక విధంగా చూస్తే మన వార్డెన్ సార్లు, వంట మనుషులు ఈ ఆట రోజూ ఆడుతున్నవారే.

ఈ ఆటలో ఇంకో సదుపాయం ఉంది. ఆడిన ఆటను భద్రపరచి మళ్లీ చూడవచ్చు. గెలిచిన ఆట కన్నా ఓడిన ఆట చూసినప్పుడే మాకు తెలివి వచ్చింది. దిద్దిన జవాబు పత్రం చేతికొచ్చినప్పుడు మార్కులు మాత్రమే చూసి మడత పెట్టేసే అలవాటు మాకు పోయింది దీని వల్లనే.

మేము పోగొట్టుకున్నది

ఇక రెండో సంగతి. ఇంటర్ రెండో సంవత్సరంలో ఆదివారం బయటకు వెళ్లడానికి అనుమతి దొరికితే మేము నలుగురం నెట్ సెంటరుకు వెళ్లేవాళ్లం. గంటకు ఇరవై రూపాయలు. నలుగురం నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుంటే గంట ఎప్పుడైందో తెలిసేది కాదు. మొదట కాస్మెటిక్ డబ్బులు అయ్యాయి. తర్వాత బస్ ఛార్జీలు అయ్యాయి.

ఆ ఏడాది పరీక్ష ఫీజు కట్టే చివరి రోజు ముందు రాత్రి మాలో ఒకడు స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని ఏడుస్తూ కనిపించాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. వాళ్ల నాన్న పంపిన ఫీజు డబ్బులో సగానికి పైగా నెట్ సెంటరులో అయిపోయింది. వాళ్ల నాన్న మిరప కోతలకు వెళ్లే కూలీ. మళ్లీ అడగడానికి అతనికి నోరు రాలేదు. ఆ రాత్రి ట్రంకు పెట్టెలు తీసి చిల్లర లెక్క పెట్టుకున్నాము. తక్కువైంది మా సీనియర్ అన్న ఒకరు సర్దారు. ఫీజు కట్టాడు, పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు. ఈ వ్యాసం రాస్తున్నవారిలో అతనూ ఒకడు. ఈ సంగతి దాచవద్దని, రాయమని చెప్పిందీ అతనే.

ఆ రోజుల గురించి అతను ఇప్పటికీ ఒక మాట అంటాడు. ఆ ఆటలో పని లేకుండా నిలబడిన మనిషిని చూపించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి నొక్కి ఒక్క పనివాణ్ని కూడా ఖాళీగా ఉంచేవాణ్ని కాదు, మూడు నెలలు నేనే ఖాళీగా ఉన్నానని మాత్రం చూసుకోలేదు అంటాడు.

ఆటలో లేనిది

ఆటను చరిత్ర అనుకోకూడదు. 'సివిలైజేషన్'లో మన గాంధీజీ అణుబాంబులు వేస్తాడని, అది ప్రోగ్రాములో దొర్లిన కూడికల పొరపాటని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. మొదటి ఆటలో అలాంటి పొరపాటే లేదని 2020లో సిడ్ మేయర్ తన ఆత్మకథలో రాశారు. 2010లో వచ్చిన ఐదో భాగంలో మాత్రం దాన్ని సరదాకి కావాలనే పెట్టారు. తెర మీద కనిపించిందల్లా నమ్మకూడదనడానికి ఇదొక ఉదాహరణ.

ఇంకొక విషయం మా ఇళ్లు గుర్తుకొచ్చినప్పుడు తట్టింది. ఆటలో కోటలు కట్టేది, పొలం దున్నేది, గనిలో రాయి కొట్టేది పనివాడే. అతను లేకపోతే రాజు లేడు, యుద్ధం లేదు. అయినా ఆట చివర పేరు రాజుది. పనివాడు చనిపోతే ఇంకో 50 ఆహారం పెడితే ఇంకొకడు వస్తాడు. మన ఇళ్లలో అలా రారు. మన అమ్మానాన్నలు ఆ పని చేసినవారే, ఇంకా చేస్తున్నవారే. ఈ తేడా తెలిసి ఆడితే ఆట కూడా కొంత చదువే.

ఆడాలనుకునే తమ్ముళ్లకు

డబ్బు పెట్టకుండా, దొంగ సీడీల జోలికి పోకుండా ఆడుకోదగినవి ఉన్నాయి. 'జీరో ఏడీ' అనేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వంటిదే, పూర్తిగా ఉచితం. వంతుల ఆటల్లో 'ఫ్రీసివ్', 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్' ఉన్నాయి. చదరంగానికి 'లీచెస్' ఉంది. ఏదీ లేకపోతే సుద్దముక్క, వరండా, పులి–మేక ఉండనే ఉన్నాయి.

సెల్‌ఫోన్ ఆటలతో జాగ్రత్త. 2012లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' వంటి వాటిలో కట్టడం పూర్తవడానికి గంటలు, రోజులు ఆగాలి. ఆగలేనివాడు డబ్బు కట్టి ముందుకు పోవచ్చు. అక్కడ వ్యూహం కన్నా మన తొందరకే ధర ఎక్కువ. ఇక డబ్బు పందెంగా పెట్టే ఆటల దారే వేరు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. మనం ఇక్కడ చెప్పుకున్నవి, అవి ఒకటి కావు.

ఆటలో పైకి వెళ్లినవారూ ఉన్నారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టిన 'హార్త్‌స్టోన్' అనే కార్డుల వ్యూహపు ఆటలో మన దేశానికి చెందిన తీర్థ్ మెహతా కాంస్యం సాధించాడు. కానీ అలాంటివారు వేలల్లో ఒకరు. మనకు ఆట ఖాళీ సమయంలోనే ఉండాలి. కూర్చునే ముందే లేచే సమయం అనుకోండి. ఇద్దరు కలిసి వెళ్తే రెండోవాడు గడియారం చూడాలి. ఇంటి నుంచి వచ్చిన డబ్బు ఆటకు ముట్టుకోవద్దు. ఒకవేళ పొరపాటు జరిగితే చివరి రోజు ముందు రాత్రి వరకు దాచుకోవద్దు, పక్క మంచం మీద ఉన్నవాడికి చెప్పండి. మాకు ఆ రాత్రి పనికొచ్చింది అదే.

ఓడిపోయిన ఆటను మళ్లీ మొదలుపెట్టడానికి ఒక మీట చాలు. ఇంటర్ రెండేళ్లకు ఆ మీట లేదు. తమ్ముళ్లందరూ బాగా చదవాలని, ఆదివారం సాయంత్రం బాగా ఆడాలని కోరుకుంటూ, మాకు నాలుగేళ్లు అన్నం పెట్టిన ఈ హాస్టల్‌కు వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– మీ పూర్వ విద్యార్థులు