రెండు నదుల పుట్టింట్లో నీటి సాలీడు

ఇంగ్లండు తూర్పు ప్రాంతంలో నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దును దాటే ఒక చిన్న రోడ్డు ఉంది. దానికి తూర్పు పక్కన వేవ్నీ నది పుట్టి గ్రేట్ యార్మత్ దగ్గర సముద్రం చేరుతుంది. పడమటి పక్కన లిటిల్ ఊజ్ పుట్టి ఎదురు దిక్కుగా పోయి గ్రేట్ ఊజ్‌లో కలుస్తుంది. కూతవేటు దూరంలో రెండు నదులు పుట్టే ఈ చోట పరుచుకున్న చిత్తడి నేలే రెడ్‌గ్రేవ్ అండ్ లాపమ్ ఫెన్. అడుగున సుద్దరాయి పొరలు, పైన సగం కుళ్ళిన మొక్కలతో ఏర్పడే పీట్ మట్టి, దాని మీద తుంగ, రెల్లు. లోయల్లో ఏర్పడిన ఇలాంటి చిత్తడుల్లో ఇంగ్లండు పల్లపు ప్రాంతంలో మిగిలినవాటిలోకెల్లా ఇదే పెద్దది. సఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు దీని ఆలనాపాలనా చూస్తోంది.

ఈ నేలకు పేరు తెచ్చింది మాత్రం నదులు కాదు, ఒక సాలీడు.

వల లేని వేట

దాని శాస్త్రీయ నామం డోలొమెడెస్ ప్లాంటేరియస్. ఇంగ్లీషులో ఫెన్ రాఫ్ట్ స్పైడర్ అంటారు. బ్రిటన్‌లోని అతి పెద్ద సాలీళ్ళలో ఇదొకటి. ఆడదాని ఒళ్ళే రెండు సెంటీమీటర్లు దాటుతుంది, కాళ్ళు చాపితే అరచేతి వెడల్పు ఉంటుంది. ముదురు గోధుమరంగు ఒంటికి రెండు పక్కలా తెల్లటి చార.

వేటకు ఇది వల కట్టదు. వెనక కాళ్ళతో తుంగ కాడను పట్టుకుని, ముందు కాళ్ళను నీటి మీద ఆనించి కదలకుండా కూర్చుంటుంది. గేలం వేసి గట్టున కూర్చున్నవాడి ఓపిక దీనిది. నీళ్ళలో పడిన పురుగు కొట్టుకుంటే పుట్టే చిన్న అల కాళ్ళ వెంట్రుకలకు తగులుతుంది. మరుక్షణం నీటి మీద పరుగు తీసి ఆ పురుగును పట్టేస్తుంది. నీరంటని వెంట్రుకలు, ఎనిమిది కాళ్ళకూ పంచుకున్న బరువు దాన్ని మునగనివ్వవు. మన వరి మడుల్లో నీటి మీద తిరుగుతూ సుడిదోమను తినే తోడేలు సాలీడు దీనికి దూరపు చుట్టమే.

ప్రమాదం పసిగడితే కాడ పట్టుకుని నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు వెంట్రుకల మధ్య చిక్కిన గాలి ఒంటి చుట్టూ వెండి పూతలా మెరుస్తుంది. ఆ గాలే దానికి ఊపిరి. నీటి పురుగులు, తూనీగ లార్వాలు, ఇతర సాలీళ్ళు దీని ఆహారం. అప్పుడప్పుడు తోకకప్పలూ దొరుకుతాయి.

ఆడది గుడ్ల సంచిని దాదాపు మూడు వారాలు ఒంటి కిందే మోస్తుంది. ఎండకు అది ఆరిపోకుండా మధ్యమధ్య నీళ్ళలో ముంచుతుంది. పిల్లలు బయటికి రాబోయే ముందు నీటికి కాస్త పైన తుంగ ఆకుల నడుమ గూడు అల్లుతుంది. వందల పిల్లలు అందులో కొద్ది రోజులుంటాయి. అవి చెదిరిపోయేదాకా తల్లి అక్కడే కాపలా. ఇవన్నీ జరగాలంటే వేసవి పొడుగునా గుంటలో నీళ్ళుండాలి.

బోరు తెచ్చిన కరువు

1956లో ఎరిక్ డఫీ అనే శాస్త్రవేత్త ఇక్కడి గుంటల అంచున ఈ సాలీడును గుర్తించారు. బ్రిటన్‌లో ఇది ఉందని తెలిసింది అప్పుడే. ఆ గుంటలు కూడా ప్రకృతి ఇచ్చినవి కావు. ఒకప్పుడు ఊళ్ళవాళ్ళు పొయ్యిలోకి పీట్ తవ్వుకున్న చోట్ల నీరు నిలిచి ఏర్పడినవే.

ఆ తరవాత కొద్ది ఏళ్ళకే చిత్తడి పక్కన తాగునీటి బోరు పడింది. రోజుకు దాదాపు 36 లక్షల లీటర్లు తోడేవారు. అంతకుముందు సుద్దరాయి పొరల్లోని నీరు ఒత్తిడితో పైకి ఉబికి నేలను తడిపేది. బోరు వచ్చాక వ్యవహారం తిరగబడింది. పైన పడ్డ వాన నీరే కిందికి ఇంకిపోసాగింది. ఆరిన పీట్ గాలి తగిలి కుళ్ళింది, తుంగ మొలిచిన చోట పొదలూ చెట్లూ లేచాయి. సాలీళ్ళు చివరికి లిటిల్ ఫెన్, మిడిల్ ఫెన్ అనే రెండు చోట్ల కొన్ని గుంటలకే పరిమితమయ్యాయి. వాటిని బతికించడానికి గుంటలను ఇంకా లోతు చేశారు. ఎండలు ముదిరిన ఏళ్ళలో గొట్టాలు వేసి నీళ్ళు తోలారు.

జబ్బు బోరుదని అందరికీ తెలుసు. అయినా దాన్ని మరోచోటికి మార్చడానికి 1999 దాకా పట్టింది. ఒక చిత్తడి కోసం ఊరి తాగునీటి బోరును కదిలించడం ఎక్కడైనా అరుదే. దాంతోపాటు పొదలు కొట్టేశారు, పాడైన పీట్ పై పొరను యంత్రాలతో గీకి తీసేశారు. పొదలు మళ్ళీ లేవకుండా మేయడానికి పోలండ్ జాతి కోనిక్ గుర్రాలను వదిలారు.

వంటింట్లో పెంపకం

నీళ్ళు తిరిగి వచ్చినంత తొందరగా సాలీళ్ళు రాలేదు. ఒకటి పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండేళ్ళు పడుతుంది, ఆ లోపు చాలా పిల్లలు చచ్చిపోతాయి. ఉన్న కాసిన్నీ ఒక్కచోటే ఉంటే ఒక్క కరువు చాలు, అంతా పోవడానికి. అందుకే 2010లో హెలెన్ స్మిత్ అనే పరిశోధకురాలు వేల పిల్లలను తన వంటింట్లోనే పెంచారు. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కనుక ఒక్కో టెస్ట్ ట్యూబులో ఒక్కో పిల్ల. ఒక్కోదానికీ విడివిడిగా పండ్ల ఈగల మేత. తరవాత జంతు ప్రదర్శనశాలలు ఈ పనిలో చెయ్యి కలిపాయి. పెరిగిన పిల్లలను సఫోక్‌లోని కాసిల్ మార్షెస్ వంటి తడి మేతభూముల కాలవల్లో వదిలారు. ఆ తరవాత నార్ఫోక్‌కూ చేర్చారు. అక్కడ అవి గూళ్ళు కట్టి సంతానాన్ని పెంచుకుంటున్నాయి.

రెడ్‌గ్రేవ్ చెప్పే లెక్క ఇది: చిత్తడి ఎండడానికి ఒక బోరు చాలింది. దాన్ని సరిచేయడానికి కొత్త బోరు, యంత్రాలు, గుర్రాలు, వేల టెస్ట్ ట్యూబులు, అర్ధ శతాబ్దం కావలసివచ్చాయి.

వెళ్ళాలనుకుంటే

లండన్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఇది ఒక్కరోజు షికారు. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో నారిచ్ రైలెక్కి డిస్‌లో దిగితే గంటన్నర ప్రయాణం, అక్కడి నుంచి కొద్ది మైళ్ళు. జులైలో ఎండ కాసే రోజు మంచిది. నీటి మీద వెతికే ముందు తుంగ ఆకుల మధ్య గూడు కోసం చూడండి, తల్లి ఆ పక్కనే ఉంటుంది. గుంట అంచున మాత్రం మెల్లగా నడవాలి. అడుగు గట్టిగా పడిందా, మీరు చూసేలోపే అది నీళ్ళలోకి జారుకుంటుంది.