వద్దన్నా వచ్చే ఉత్తరాలు

మా నాన్నగారు తెనాలిలో రిటైరైన తెలుగు మాస్టారు. ఫోన్లో చెప్పలేని సంగతులు ఈ-మెయిల్లో రాస్తారు, అదీ తెలుగులో టైపు చేసి. పోయినేడాది ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామా అని అడుగుతూ పెద్ద ఉత్తరం రాశారు. శాన్ రామన్‌లో ఉన్న నాకది పదకొండు రోజులకి గానీ కనబడలేదు. పరుపుల సేలు, పిజ్జా కూపన్లు, ఎప్పుడో ఒక్కసారి బూట్లు కొన్న పాపానికి వారం వారం పలకరించే దుకాణం, వీటి మధ్య నలిగిపోయింది. "చదివావా అబ్బాయ్?" అని ఫోన్లో అడిగితే "ఆఁ, ఆలోచిస్తున్నా నాన్నా" అని అబద్ధమాడేశాను. ఆ రాత్రే చీపురు పట్టుకున్నాను.

ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్నవాణ్ణి, గంట పనేగా అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఈ జాడ్యం ఇవాళ్టిది కాదు. 1994లో అరిజోనా లాయరు దంపతులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటన ఒకటి వేలకొద్దీ యూజ్‌నెట్ బృందాల్లో గుమ్మరించారు. (ఆ లాటరీకి ఇండియాలో పుట్టినవాళ్ళు అర్హులే కారు. మనవాళ్ళకి ఉత్తి పుణ్యానికే ఆ బాదుడు!) తర్వాత తాపీగా 2003 డిసెంబరులో 'కాన్-స్పామ్' చట్టం వచ్చింది. అది ప్రకటనలు పంపొద్దనదు. మీరు వద్దనేదాకా పంపుకోమంటుంది. వద్దన్నాక మాత్రం 10 పనిదినాల్లో ఆపాలి. ఉత్తరంలో అసలైన పోస్టల్ అడ్రసుండాలి. మానిపించుకోడానికి ఫీజు అడక్కూడదు, పాస్‌వర్డ్ పెట్టి లోపలికి రమ్మనకూడదు.

నన్నొక దుకాణం సరిగ్గా అదే అడిగింది. ఎప్పుడో మర్చిపోయిన పాస్‌వర్డ్! చట్టం పేరెత్తి నాలుగు ముక్కలు రాశాక ఉత్తరాలు ఆగాయి, జవాబు మాత్రం లేదు. పెద్ద కంపెనీలతో ఇప్పుడు కాస్త సుళువు. రోజుకి 5000కి మించి జీమెయిల్ అడ్రసులకి పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో మానుకునే వీలివ్వాలని, రెండు రోజుల్లో ఆపాలని గూగుల్ 2024లో నిబంధన పెట్టింది.

అయితే ఇదంతా పేరూ ఊరూ ఉన్న కంపెనీల సంగతి. మీరెన్నడూ గుమ్మం తొక్కని చోటునుంచి వస్తే ఆ లింకు ముట్టుకోకండి. నొక్కారా, ఈ అడ్రసులో మనిషున్నాడని మీరే చాటించినట్టు. బొమ్మలు తెరిచినా అంతే. కంటికి కనిపించనంత చిన్న బొమ్మొకటి పెట్టి, మీరెప్పుడు చూశారో లెక్క రాసుకుంటారు. వాటిని స్పామ్ అని గుర్తుపెట్టి వదిలెయ్యడమే.

మీ అడ్రసు ఎవరు అమ్ముకున్నారో తెలుసుకోడానికో కిటుకుంది. జీమెయిల్లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఆపైన దుకాణం పేరు చేర్చి ఇచ్చినా ఉత్తరం మీకే వస్తుంది. సోఫా కొన్నచోట అలా ఇచ్చాను. రెండు నెలల్లో ఆ అడ్రసుకే ఇన్సూరెన్సువాడి ఉత్తరం!

కోర్టుకెళ్ళచ్చా అంటారా? కాన్-స్పామ్ కింద మనబోటివాళ్ళకి ఆ హక్కు లేదు. కాలిఫోర్నియా చట్టం మాత్రం, పంపినవాడి వివరాల్లోనో శీర్షికలోనో మోసముంటే ఉత్తరానికి 1000 డాలర్ల దాకా దావా వెయ్యనిస్తుంది. నాకంత ఓపిక లేదు.

నాన్నగారి అడ్రసుకి విడిగా ఓ అర కట్టి, ఇల్లు అమ్మొద్దని జవాబు రాశాను. వారమైంది, ఉలుకూ పలుకూ లేదు. నా ఉత్తరం ఆయన స్పామ్‌లో గానీ పడిందేమో, ఇవాళ రాత్రి ఫోన్ చేసి అడగాలి.