పాత ట్రాక్టరు స్టార్టరు మూల్గి నిలిచినచో

అమెరికాలో 1947 మొదలు 1952 వఱకు తయారైన ఫోర్డు 8ఎన్ ట్రాక్టరు స్టార్టరు మూల్గి నిలిచినంతనే, మోటారే చెడెనని పలువురు దానిని విప్పుదురు. మాకది సమ్మతము కాదు. ఆ బండికి మొదట వచ్చిన బ్యాటరీ 6 వోల్టులది. అదే పనికి 12 వోల్టుల బండికంటె రెట్టింపు కరెంటు తీగలో పాఱవలెను. కావున తీగ సన్నమైనను, కొనలకు చిలుము పట్టినను బలము దారిలోనే హరించును. బ్యాటరీ నిండుగా నున్నదని రూఢిపఱచుకొని, ఇగ్నిషను ఆపి, స్టార్టరును కొన్ని క్షణములు నొక్కి విడిచి, తీగ కొనలను తాకి చూడుడు. వేడెక్కిన చోటనే దోషముండును, గీకి బిగింపుడు. ఇందు బ్యాటరీ ధనధ్రువమే బండి ఇనుమునకు కలుపబడును గనుక ఆ కొనను మఱవరాదు.

మఱియొకటి. బండి గేరులో నున్నపుడు స్టార్టరు బొత్తాము నొక్కుడుపడదు. అది లోపము కాదు, రక్షణ. దానిని తప్పించి కొనలను స్క్రూడ్రైవరుతో కలిపినచో, ఇంజను అంటుకొని, పెద్దచక్రము ముందు నిలిచినవానిమీదికే బండి నడచును.