ట్రాక్టరుకు డీజిలు అందనప్పుడు

వేసవిలో నీటి ట్యాంకరు వీధి నడుమ నిలిచిపోయినచో ఆ పూట ఒక వాడకు నీరు లేనట్లే. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో తెలంగాణలోని గ్రామ పంచాయతీలకు సమకూడిన ట్రాక్టర్లకు ఇప్పుడు వయస్సు మీరుచున్నది. ఇంజను ఆగినంతనే “పంపు పోయినది” అను మాట వినబడును. ఏ పంపు అని సభ్యులు వెంటనే అడుగవలెను. ఏలయన ట్రాక్టరులో డీజిలు పంపులు రెండు.

ట్యాంకులోని డీజిలును లాగి ఫిల్టర్లకు పంపునది ఫీడ్ పంపు. ఇది చిన్నది, చవకైనది. ఫిల్టర్లు దాటిన డీజిలును మిక్కిలి ఒత్తిడితో నాజిళ్లకు అందించునది ఇంజక్షన్ పంపు. దీని మరమ్మతు ఖరీదైనది. టెస్టు బెంచి ఉన్న వర్క్‌షాపులోనే దీనిని విప్పవలెను గాని చెట్టు క్రింద కాదు. మొదటిదాని లోపమునకు రెండవదానిని విప్పించినచో పంచాయతీ నిధులు వృథా యగును.

ముందుగా ట్యాంకు మూతను వదులు చేసి చూడవలెను. మూతకుండు సన్నని గాలి రంధ్రము దుమ్ముతో పూడినచో, ఖర్చైన డీజిలు స్థానమున గాలి చేరక, పంపు లాగలేదు. బండి కొంత దూరము నడచి ఆగుట, కొంతసేపటికి మరల కదలుట దీని గుర్తు. రంధ్రమును శుభ్రపరచిన చాలును.

పిదప ఫీడ్ పంపు నుండి ఫిల్టరుకు పోవు గొట్టమును విప్పి, క్రింద గాజు సీసా నుంచి, పంపు చేతిమీటను ఆడించవలెను. డీజిలు జోరుగా చిమ్మినచో పంపు బాగున్నట్లే. ఫిల్టరు మూసుకొనినదేమో చూడవలెను. బుడగలు వచ్చినచో ట్యాంకుకు పంపుకు నడుమ గాలి చొరబడుచున్నది. బీటలు వారిన రబ్బరు గొట్టమో, అరిగిన రాగి వాషరో, వదులైన నట్టో కారణము కావచ్చును. కొత్త పంపు వేసినను ఈ దోషము పోదు. ఏమియు రానిచో ట్యాంకు అడుగున మడ్డి పేరుకొని దారి మూసినదేమో చూడవలెను. పంపు వరకు డీజిలు వచ్చుచు, మీట ఆడించినను ముందుకు పోనప్పుడే పంపును అనుమానింపవలెను. అప్పుడును తొందర కూడదు. క్యాము ఎత్తున నిలిచినచో మీట బిగువు లేక ఆడును. ఇంజనును ఒక చుట్టు త్రిప్పి మరల చూడవలెను.

డయాఫ్రం ఉన్న పంపులలో ఆ పొర చిరిగి, డీజిలు ఇంజను ఆయిలులో కలియుటయు కలదు. ఆయిలు తగ్గకపోగా పెరిగినదని సంతోషించు డ్రైవర్లును లేకపోలేదు! ఆయిలు పలుచనై డీజిలు వాసన వేసినచో ఇంజనును నడుపరాదు. నడిపినచో బేరింగులు పాడగును.

గొట్టము విప్పినప్పుడెల్ల లోపల గాలి చేరును. డ్రైవర్లు దీనినే “ఎయిర్ పట్టినది” అందురు. ఫిల్టరు పైనున్న స్క్రూను వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు మీటను ఆడించి, డీజిలు కారుచుండగనే బిగింపవలెను. ఇంజక్షన్ పంపు స్క్రూ వద్దను ఇట్లే చేయవలెను. ఇంజను తిరుగుచుండగా నాజిల్ గొట్టముల వద్ద చేయి పెట్టరాదు. ఆ ఒత్తిడికి చిమ్మిన డీజిలు సూదివలె చర్మములో దిగును. గాయము చిన్నదిగా కనిపించినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మరమ్మతు బిల్లు సమావేశమునకు వచ్చినప్పుడు మార్చిన పాత భాగమును చూపుమని సభ్యులు కోరవలెనని మా సలహా. ఫిల్టరు మార్చిన తేదీని, అప్పటికి ట్రాక్టరు నడచిన గంటలను లాగ్ పుస్తకములో వ్రాయించినచో, ఏ పంపును ఎప్పుడు విప్పిరో తరువాతివారికి తెలియును.