చక్రము మారిన లెక్క మారును

గాలి తగ్గిన టైరుతో సైకిలు త్రొక్కిన ప్రతి విద్యార్థికిని ఒక సత్యము అనుభవమున తెలిసియే యుండును. బాట అదియే, సైకిలును అదియే; కాని కాళ్లు మాత్రము త్వరగా అలసిపోవును. ఆ యలసటకు కారణమైన నియమమే పెద్ద మోటారు బండ్లకును వర్తించును. అమెరికా దేశమున కొందరు తమ హైబ్రిడ్ పికప్ ట్రక్కులను ఎత్తు చేయించి, వానికి పెద్ద టైర్లను తొడిగించుచున్నారు. ఇంధనము పొదుపు చేయుటకై నిర్మింపబడిన బండి యందు ఈ మార్పుల వలన ఆ పొదుపు ఏల తగ్గునో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

పికప్ ట్రక్కనగా ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక సామాను వేయుటకు పైకప్పు లేని తొట్టియు గల బండి. హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారును, బ్యాటరీయును గలది. సాధారణపు బండిలో బ్రేకు వేసినప్పుడు చలనశక్తి వేడిగా మారి వ్యర్థమగును. హైబ్రిడ్ బండిలో నట్లు గాక, చక్రములే మోటారును త్రిప్పును. మోటారు అప్పుడు జనరేటరువలె పనిచేసి, పుట్టిన విద్యుత్తును బ్యాటరీకి పంపును. బండి మరల కదలునప్పుడు ఆ విద్యుత్తు తోడ్పడును.

దీని ఫలితమునకు 2022 నమూనా ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ బండి మంచి తార్కాణము. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంరక్షణ సంస్థ లెక్క ప్రకారము అది నగరమున గాలనుకు 42 మైళ్లు, రహదారిపై 33 మైళ్లు నడచును. మన కొలతలో లీటరుకు సుమారు 17.9, 14 కిలోమీటర్లన్న మాట. సాధారణపు పెట్రోలు బండ్లు రహదారిపైననే ఎక్కువ దూరము పోవును. ఇచ్చట లెక్క తారుమారైనది. మాటిమాటికి ఆగవలసిన నగరమున శక్తి తిరిగి చేతికి వచ్చుటయు, ఇంజను కొంతసేపు విశ్రమించుటయు, గాలి యెదురు తక్కువగుటయు ఇందులకు కారణములు.

ఇచ్చట ముఖ్యమైన విషయమును గమనింపవలెను. ఇంజను ఇచ్చిన శక్తి మూడు దారుల పోవును. ఒక భాగము బండి చలనముగా నిలిచియుండును. బ్రేకు వేసినప్పుడు దానిలో కొంత తిరిగి వచ్చును. రెండవ భాగము టైరు రబ్బరులో వేడిగా మారును. మూడవ భాగము గాలిని త్రోయుటకు ఖర్చగును. ఈ కడపటి రెండును ఎన్నటికిని తిరిగి రావు. ఎంత గొప్ప హైబ్రిడ్ బండి యైనను గాలికి, వేడికి పోయిన శక్తిని వెనుకకు తేజాలదు. టైర్లను మార్చినను, ఎత్తు పెంచినను పెరుగునవి సరిగా ఆ తిరిగిరాని ఖర్చులే.

ముందు టైరును చూతము. తిరుగునప్పుడు నేల తాకిన చోట రబ్బరు అణగి, మరల సాగును. ప్రతి సారియు కొంత శక్తి వేడియగును. రాళ్లబాటలకై లోతైన గళ్లతో చేసిన మందపు టైర్లలో ఈ నష్టము సాధారణముగా అధికము. అవి బరువైనవి కూడ. వానిని త్రిప్పుటకు అదనపు శక్తి కావలెను. ఆ యదనపు శక్తిలో కొంతయే బ్రేకు వేసినప్పుడు దక్కును.

ఇక సస్పెన్షన్ సంగతి. స్ప్రింగులను మార్చియో, వానిపై దిమ్మలు పెట్టియో బండిని ఎత్తు చేసినచో, చక్రములును అడుగు భాగములును గాలికి మరింతగా ఎదురగును. గాలి యొక్క యెదురు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున నున్న ఎదురు, 100 కిలోమీటర్ల వేగమున నాలుగింతలగును. కావున ఎత్తు చేసిన బండికి నగరమున కంటె రహదారిపై నష్టము హెచ్చు. చక్రముల అమరికను మరల సరిచేయింపనిచో, టైర్లు నేలపై ఒరసికొనుచు పోయి త్వరగా అరిగిపోవును.

ఈ నష్టమును కొలుచుటలో ఒక పొరపాటు జరుగుట కలదు. ఆ బండికి వచ్చు టైర్లలో నొకటి 225/65ఆర్17. దాని వ్యాసము సుమారు 724 మిల్లీమీటర్లు. దానికి బదులు 245/65ఆర్17 టైరు వేసినచో వ్యాసము 750 మిల్లీమీటర్లగును. చుట్టునకు దూరము 3.6 శాతము పెరుగును. కాని బండిలోని మీటరు చక్రపు చుట్లనే లెక్కించును. మీటరు 500 కిలోమీటర్లని చూపినప్పుడు బండి నిజముగా 518 కిలోమీటర్లు నడచియుండును. 32 లీటర్లు ఖర్చయినచో, మీటరును నమ్మినవానికి లీటరుకు 15.6 కిలోమీటర్లు, నిజమునకు 16.2. కావున లెక్క దిద్దుకొనక నష్టమెంతయో చెప్పరాదు. అంతకంటె ప్రమాదకరమైనది వేగము. మీటరు 100 అని చూపునప్పుడు బండి 103.6 వేగమున పోవుచుండును. పైగా ఎత్తు పెరిగిన బండికి గురుత్వకేంద్రము పైకి పోవుటచే మలుపులలో ఒరిగిపోవు భయము హెచ్చును.

అట్లని ఈ మార్పులన్నియు తప్పని మేము చెప్పుట లేదు. రాళ్లు, ఇసుక, బురద గల దారులలో నిత్యము పని చేయువానికి ఎత్తును, పట్టు గల టైర్లును అవసరమే. అతడు చెల్లించు అదనపు పెట్రోలు పనికై పెట్టిన ఖర్చు. చదునైన రోడ్డుపై తిరుగుచు, చూపునకై మాత్రము మార్పు చేయించువాడు చిల్లికుండతో నీరు మోయుచున్నాడు.

విద్యార్థులారా! రేపు మీ సైకిలు టైర్లలో గాలి చూచుకొనుడు. చక్రపు చుట్టుకొలతను దారముతో కొలిచి, పాఠశాలకు వచ్చులోపల అది ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కించుడు. దూరము మీకే తెలియును. తల్లిదండ్రులు సైతము మోటారు సైకిలుకు వేరు కొలత టైరు వేయించు ముందు ఈ లెక్కను పిల్లలచేత చేయింపవలెనని మా మనవి.