పలుచని రేకు – తగిన రివెట్టు



కంచరి బొక్కెనకు చెవులు తగిలించుట మీరెల్లరు చూచియే యుందురు. చీలను రంధ్రమున దూర్చి, రెండవ కొనను సుత్తితో కొట్టి తలగా అణచును. ఆ చీలయే రివెట్టు.

అమెరికాలో కొందరు గృహస్థులు తమ యింటి కొట్టములందే చిన్న విమానములను నిర్మించుకొనుచున్నారు. వాని అల్యూమినియపు రేకులను వేలకొలది రివెట్టులు కూర్చును. వానిని ఎంచు విధమును మనవి చేసెదను.

కలుపు రేకులలో దళసరిదాని మందమునకు రివెట్టు లావు సుమారు మూడింతలుండవలెను. అంగుళములో 32వ వంతు రేకునకు, 32లో 3 వంతుల రివెట్టు తగును. అంతకన్న లావైనచో దానిని అణచు దెబ్బకు రేకు వంకరపోవును. సన్ననిదైనచో భారమునకు తానే తెగును. రంధ్రపు నడిమినుండి రేకు అంచునకు రివెట్టు లావునకు రెండింతలైన ఎడముండవలెను. లేనిచో అంచు చినుగును.

గాలి నునుపుగా సాగుటకై తలను రేకులోనికి అణచుటయు కలదు. పలుచని రేకును అందుకై తొలువరాదు. అచ్చుల నడుమ నొక్కి పల్లము చేయవలెను. తొలిచినచో రంధ్రపు అంచు కత్తివాదరవలె పలుచనై బీటలు పుట్టును.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవులచెంత, 95 మందితో పోవుచున్న బోయింగు విమానపు పైకప్పు కొంత 24,000 అడుగుల యెత్తున ఊడిపోయెను. రేకుల నడిమి జిగురు వీడగా, భారము ఇట్టి రంధ్రములపై పడి, బీటలు ఒకదానితో నొకటి కలిసెను. పరిచారిక యొకతె మరణించెను. అది కర్మాగారమున పుట్టిన పెద్ద విమానమే. అయినను పాఠ మొక్కటే.

ఒక్క చీలయే కదా యని ఉపేక్షింపరాదని నా మనవి. రివెట్టునకై రేకును తొలువరాదు. రేకునకు తగిన రివెట్టునే ఎంచవలెను.