పసిపిల్లలకు కళ్ళద్దాలు అలవాటు చేయడం

పసిపిల్లలకు కళ్ళద్దాలు అలవాటు చేయడం అనగా, మాటలు రాని శిశువు గాని, అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డ గాని, వైద్యులు నిర్ణయించిన కళ్ళద్దాలను మెలకువగా ఉన్నంతసేపూ ధరించేటట్లు ఇంటివారు చేసే ప్రయత్నం. పెద్దవారికి కళ్ళద్దాలు చూపును సరిచేసే సాధనం మాత్రమే. తీసి పక్కన పెడితే ఆ కాసేపు మసకగా కనిపిస్తుంది, తిరిగి పెట్టుకుంటే సరిపోతుంది. పసివారి విషయం అలా కాదు. చూడటం ఇంకా నేర్చుకుంటున్న మెదడుకు కళ్ళద్దాలే చికిత్స. అద్దాలు కొని పెట్టెలో దాచిన బిడ్డకూ, అసలు కొనని బిడ్డకూ ఈ విషయంలో తేడా లేదు. పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పరిస్థితులు ఈ వ్యాసానికి ఆధారం.

మహబూబ్ నగర్ జిల్లా పరిశీలన

ఈ ప్రాంతపు పిల్లల చూపు గురించి తెలిసిన ముఖ్యమైన వివరాలు ఒక పరిశీలన వలన లభించాయి. 2000 ఏప్రిల్ నుండి 2001 ఫిబ్రవరి వరకు, నాటి ఉమ్మడి మహబూబ్ నగర్ జిల్లా గ్రామాల్లో 7 నుండి 15 ఏళ్ళ వయసు గల పిల్లలను ఇంటింటికీ తిరిగి నమోదు చేసి, జిల్లాలోని గ్రామీణ నేత్రకేంద్రంలో పరీక్షించారు. రాఖీ దండోనా, లలిత్ దండోనా తదితరులు దీని ఫలితాలను 2002లో ప్రచురించారు. నేపాల్, చైనా, చిలీ దేశాల్లో కూడా ఇదే పద్ధతిలో పరిశీలనలు జరిగాయి. ఇక్కడ నమోదైన 4,414 మందిలో 4,082 మంది, అనగా 92.5 శాతం పిల్లలు పరీక్షకు వచ్చారు.

మెరుగైన కంటితో సైతం 20/40 లేదా అంతకంటె తక్కువ చూపు ఉన్నవారు కళ్ళద్దాలు లేకుండా చూసినపుడు 2.7 శాతం. ఆరోగ్యమైన కన్ను 40 అడుగుల నుండి చదివే అక్షరాన్ని 20 అడుగుల దగ్గరకు వస్తే గాని చదవలేకపోవడాన్ని 20/40 అంటారు. పిల్లలు పరీక్షకు వచ్చిన స్థితిలోనే, అనగా అద్దాలు ఉన్నవారు అద్దాలతోనే చూసినపుడు ఆ సంఖ్య 2.6 శాతం. సరైన అద్దాలు పెట్టి చూసినపుడు 0.78 శాతం. ఈ మూడు అంకెలను కలిపి చదవాలి. వెయ్యిమంది పిల్లల్లో సుమారు 27 మందికి చూపు తక్కువగా ఉంటే, అప్పటికే అద్దాల వలన మేలు పొందుతున్నది ఒక్కరు. సరైన అద్దాలు ఇస్తే బాగుపడేవారు మరో 18 మంది. మిగిలిన ఎనిమిది మందికి ఏ అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాదు.

చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం వక్రీభవన దోషం, అనగా జనం వాడుకలో ‘సైటు’. 12 శాతానికి కారణం మందదృష్టి, వైద్యుల మాటలో ఆంబ్లియోపియా. ఈ రెండో అంకె పసిపిల్లల తల్లిదండ్రులకు ముఖ్యమైనది. మందదృష్టి బడి వయసులో మొదలయ్యేది కాదు. సాధారణంగా పుట్టిన నాటి నుండి ఏడేళ్ళలోపు, ఎవరూ గమనించని కాలంలో ఏర్పడుతుంది. పరిశీలన ఏడో ఏట మొదలైంది కనుక, అందులో కనిపించిన మందదృష్టి అప్పటికే జరిగిపోయిన నష్టం.

పసికన్ను, మెదడు

పుట్టినపుడు చాలామంది శిశువులకు కొద్దిపాటి దీర్ఘదృష్టి ఉంటుంది. కనుగుడ్డు పెరిగే కొద్దీ అది తగ్గిపోతుంది, దీనికి అద్దాలు అవసరం లేదు. అద్దాలు అవసరమయ్యే సందర్భాలు వేరు. దీర్ఘదృష్టి ఎక్కువగా ఉన్న బిడ్డ స్పష్టంగా చూడటానికి కంటి కండరాన్ని బిగిస్తుంది. ఆ ప్రయాసలో కన్ను ముక్కువైపు తిరుగుతుంది. రెండు మూడేళ్ళ వయసులో కొత్తగా కనిపించే మెల్లకన్నుకు ఇది తరచు కారణం. అద్దాలు పెట్టిన కొన్ని వారాల్లో ఇటువంటి మెల్ల చాలావరకు తగ్గుతుంది. తీస్తే మళ్ళీ కనబడుతుంది. అది చూసి కొందరు అద్దాల వలననే మెల్ల వచ్చిందని పొరబడతారు.

రెండు కళ్ళ నంబర్లలో ఎక్కువ తేడా ఉండటం అన్నింటికంటె మోసకారి. బిడ్డ ఒక కంటితో బాగా చూస్తుంది, ఆడుతుంది, నేలమీద పడిన సూదిని కూడా ఏరుతుంది. రెండో కన్ను పంపే మసక బొమ్మను మెదడు క్రమంగా పక్కన పెడుతుంది. బయటికి ఏ లక్షణమూ ఉండదు. ఇక పుట్టుకతో వచ్చిన శుక్లానికి శస్త్రచికిత్స జరిగిన శిశువులకు కంటిలోని సహజ కటకం ఉండదు కనుక, కాంటాక్ట్ లెన్సులు గాని మందమైన అద్దాలు గాని వెంటనే కావాలి. వీరి విషయంలో వారాలు కూడా లెక్కలోకి వస్తాయి.

కన్ను బాగున్నా, చిన్నతనంలో స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడులోని చూపు భాగం సరిగా ఎదగదని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1960లలో పిల్లికూనలపై జరిపిన ప్రయోగాల్లో తెలిసింది. వీరికి 1981లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అద్దాలు మాత్రమే ఎంత పని చేస్తాయో అమెరికాలో జరిగి 2006లో ప్రచురితమైన పరిశీలన చూపింది. రెండు కళ్ళ నంబర్లలో తేడా వలన మందదృష్టి వచ్చిన 3 నుండి 7 ఏళ్ళ లోపు పిల్లలు 84 మందికి వేరే చికిత్స లేకుండా అద్దాలు మాత్రమే ఇచ్చారు. వారిలో 77 శాతానికి చార్టుపై రెండు వరుసలు లేదా అంతకంటె ఎక్కువ మెరుగుదల కనిపించగా, 27 శాతానికి మందదృష్టి పూర్తిగా పోయింది. ఏడేళ్ళు దాటితే ఇక ఆశ లేదన్న పాత అభిప్రాయం కూడా పూర్తిగా సరికాదు. పెద్ద పిల్లల్లోనూ కొంత మేలు జరుగుతుందని తరువాతి పరిశీలనల్లో తేలింది. అయితే ఆలస్యమైన కొద్దీ దక్కేది తగ్గుతుంది.

నంబరు ఎలా తెలుస్తుంది

అక్షరాలు చదవలేని బిడ్డకు నంబరు ఎలా నిర్ణయించారన్నది తల్లిదండ్రులకు సహజంగా కలిగే సందేహం. ఆ నమ్మకం కుదరక అద్దాలు మానిపించినవారు కూడా ఉంటారు. నిజానికి ఈ పరీక్షకు బిడ్డ జవాబుతో పని లేదు. కంటిలో చుక్కల మందు గాని అట్రోపిన్ లేపనం గాని వేసి, కంటి కండరం బిగుసుకోకుండా చేస్తారు. తరువాత రెటినోస్కోపు అనే చిన్న పరికరంతో కంటిలోకి వెలుగు పంపి, తిరిగివచ్చే వెలుగు కదలికను కటకాలు మార్చి మార్చి చూస్తూ నంబరు కడతారు. మందు ప్రభావం ఉన్నంతకాలం బిడ్డకు ఎండ భరించడం కష్టం. అట్రోపిన్ అయితే ఇది కొన్ని రోజులు ఉంటుంది. ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా మందు ఆపి వైద్యునికి చెప్పాలి.

ఫ్రేము

పసిపిల్లలకు ముక్కు దూలం పల్లంగా ఉంటుంది కనుక పెద్దల ఫ్రేమును చిన్నదిగా చేసినంత మాత్రాన నిలవదు. మెత్తని సిలికాను దన్ను, తల వెనుకకు వెళ్ళే సాగే పట్టీ ఉన్నవి మేలు. కంటిపాప అద్దం మధ్యలో ఉండాలి. ఎదిగే బిడ్డ కదా అని బట్టలు ఒక సైజు పెద్దవి కుట్టించినట్లు అద్దాలు పెద్దవి కొనడం ఇక్కడ తరచు జరిగే పొరపాటు. పెద్ద ఫ్రేము జారుతుంది, బిడ్డ పైనుండి చూడటం నేర్చుకుంటుంది. వేసవిలో పాలమూరు ఎండకు చెమట పట్టి ఇంకా జారుతుంది. అద్దం గాజుది కాకుండా, పడినా పగలని పాలీకార్బొనేటుది కావాలని దుకాణంలో అడిగి తీసుకోవాలి.

అలవాటు చేసే విధానం

హ్రస్వదృష్టి బాగా ఎక్కువగా ఉన్న బిడ్డ, శుక్లం తీసిన బిడ్డ తరచు మొదటి రోజే అద్దాలను ఇష్టపడతారు. తల్లి ముఖం స్పష్టంగా కనబడటమే వారికి కానుక. దీర్ఘదృష్టి ఉన్న బిడ్డ సంగతి ఇందుకు విరుద్ధం. ఎప్పుడూ బిగించి చూడటానికి అలవాటుపడిన కంటి కండరం వెంటనే సడలదు. అందువలన సరైన అద్దాలతోనే మొదట్లో మసకగా కనబడుతుంది. ఇది కొన్ని వారాల పాటు ఉండవచ్చు. ‘అద్దాలు పెడితే ఇంకా కనబడటం లేదు’ అని ఈ దశలో మానివేస్తే జరిగే నష్టం ఎక్కువ.

బిడ్డ ఆకలితో గాని, నిద్రమత్తులో గాని ఉన్నపుడు మొదలుపెట్టకూడదు. కడుపు నిండి హుషారుగా ఉన్న వేళ, ఇష్టమైన పని ముందు పెట్టి అద్దాలు పెట్టాలి. మేకపిల్లను చూపించడం, గోరుముద్దలు తినిపించడం, బొమ్మల పుస్తకం తిప్పడం, ఏదైనా కావచ్చు. చేతులకు పని ఉంటే అవి ముఖం మీదికి పోవు. మొదట పది పదిహేను నిమిషాలు చాలు. రోజులో పలుమార్లు పెడుతూ, ప్రతిసారీ కొంచెం పొడిగించుకుంటూ పోతే కొద్ది వారాల్లో పూర్తి రోజుకు చేరవచ్చు. పొద్దున ముఖం కడిగిన వెంటనే పెట్టడం ఒక క్రమంగా మారితే పేచీ సగం తగ్గుతుంది. నిద్రలో, స్నానంలో, నూనె మర్దన సమయంలో తీసివేయాలి.

బిడ్డ లాగి పారవేయడం సహజం. అపుడు తిట్టినా, ముద్దుగా ఉందని నవ్వినా అది ఆటగా మారుతుంది. ఏమీ జరగనట్లు తుడిచి మళ్ళీ పెట్టాలి. రెండు మూడు సార్లు అదే జరిగితే పెద్దవారే తీసి, బిడ్డకు అందని చోట పెట్టి, అరగంట తరువాత తిరిగి ప్రయత్నించాలి. అద్దాలు తీసేది పెద్దవారే అన్న సంగతి బిడ్డకు తెలియాలి. చేతులు కట్టివేయడం, బలవంతంగా అదిమిపెట్టడం పనికిరావు. భయం ఒకసారి పాతుకుంటే అద్దాల పెట్టె చూడగానే ఏడుపు మొదలవుతుంది.

ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం అన్నింటికంటె కష్టమైన భాగం. తల్లి పెట్టిన అద్దాలను నాయనమ్మ జాలితో తీసివేస్తే వారం రోజుల శ్రమ పోతుంది. ఈ జిల్లాల నుండి తల్లిదండ్రులు కూలిపనులకు దూరప్రాంతాలకు వలస పోయి, పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరగడం దశాబ్దాలుగా ఉన్నదే. అటువంటి ఇళ్ళలో వైద్యుని మాట వినవలసినది అవ్వ. ఆసుపత్రికి ఆమెనే వెంట తీసుకొని వెళ్ళడం, అద్దాలు పెట్టడం, తీయడం, కడగడం అక్కడే ఆమె చేత చేయించడం అవసరం. పిల్లవాడు అంగన్‌వాడీకి వెళ్తుంటే టీచరుకు, ఆయాకు కూడా చెప్పాలి. లేకపోతే పగటి వేళ అద్దాలు సంచిలోనే ఉండిపోతాయి.

మూడు నాలుగు వారాలు గడిచినా బిడ్డ ససేమిరా అంటుంటే మొండితనమని తేల్చకూడదు. చెవి వెనుక ఒరుసుకుపోయిందా, ముక్కుపై లోతైన గుర్తు పడిందా, కనురెప్పలు అద్దానికి తగులుతున్నాయా, కుడి ఎడమల అద్దాలు తారుమారయ్యాయా అన్నవి చూడాలి. దుకాణంలో చేసిన నంబరును వైద్యుడు రాసిన చీటీతో సరిచూపించాలి. చాలాసార్లు తప్పు బిడ్డది కాదు, ఫ్రేముది.

అద్దాలపై దుమ్ము ఉండగా కొంగుతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దాలి. కంటికి కాటుక పెట్టడం మానితే మంచిది. అది రెప్పల నుండి అద్దానికి అంటుకొని మసక చేస్తుంది, పైగా కంటికీ మేలు చేయదు.

అపోహలు

మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకం తెలుగునాట చాలాచోట్ల ఉంది. దాని వలన చికిత్స వాయిదా పడుతుంది. వయసు పెరిగితే అదే సర్దుకుంటుందన్న మాట మరొకటి. అద్దాలు పెడితే నంబరు పెరుగుతుందనే భయం కూడా నిరాధారం. హ్రస్వదృష్టి నంబరు పెరగడం కనుగుడ్డు పెరుగుదల వలన జరుగుతుంది. ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలు రావన్న ఆలోచన పైకి చెప్పకపోయినా బలమైనది. మహబూబ్ నగర్ పరిశీలనలో హ్రస్వదృష్టి అవకాశం బాలికల్లోనే ఎక్కువగా కనిపించింది. అద్దాల అవసరం ఎక్కువ ఉన్నవారికే వాటిని పెట్టడానికి సంకోచించడం జరుగుతున్నదన్న మాట. ‘సోడాబుడ్డి’ అని ఎగతాళి చేసేది తోటిపిల్లల కంటె ముందు చుట్టాలే.

వైద్య సదుపాయాలు

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి చిన్నపిల్లలను పరీక్షిస్తాయి. మెల్లకన్ను, కంటిపాపలో తెల్లదనం, వస్తువును అనుసరించి చూపు తిప్పకపోవడం వంటివి ఆ సమయంలో చెప్పడం మంచిది. నాగర్‌కర్నూల్ సమీపాన తూడుకుర్తిలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ నేత్రకేంద్రాన్ని నెలకొల్పింది. పసిపిల్లల కళ్ళకు శస్త్రచికిత్స, ప్రత్యేక పరీక్షలు కావలసివస్తే హైదరాబాదులోని ఆ సంస్థకు గాని, ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గాని వెళ్తారు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగష్టు 15న, రెండో విడతగా 2023 జనవరి 18న ప్రారంభించిన కంటి వెలుగు శిబిరాల్లో లక్షలాది మందికి అద్దాలు లభించాయి. అయితే అక్కడికక్కడే ఇచ్చినవి ఎక్కువగా పెద్దవారికి దగ్గరి చూపు అద్దాలు. మాటలు రాని బిడ్డకు కావలసిన రెటినోస్కోపు పరీక్షకు అటువంటి శిబిరం ప్రత్యామ్నాయం కాదు.

తరువాతి పరీక్షలు

అద్దాలు ఇచ్చిన తరువాత మొదటి పరీక్ష ఎప్పుడన్నది వైద్యుడు చెబుతాడు. సామాన్యంగా కొన్ని వారాల నుండి మూడు నెలల లోపు ఉంటుంది. మందదృష్టి మిగిలి ఉంటే బాగా కనిపించే కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయమంటారు. పట్టీ వేసిన సమయంలో కూడా అద్దాలు ఉండాలి. పట్టీని అద్దానికి కాకుండా చర్మానికి అంటించాలి, లేకపోతే బిడ్డ పక్క సందులోంచి చూస్తుంది. పసివారి తల త్వరగా పెరుగుతుంది కనుక నంబరు మారకపోయినా ఫ్రేము మార్చవలసి రావచ్చు. నంబరు మారకుంటే పాత జతను పారవేయకుండా ఉంచుకోవాలి. కొత్తవి విరిగిన రోజు, పట్నం వెళ్ళి తిరిగి చేయించుకొని వచ్చేవరకు అవే ఆధారం.